కొల్లేటి సీమలో స్టాండర్డ్ హెరాల్డ్: షెడ్డులో బతికిన ఒక కారు చరిత్ర

మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని కమిటీవారు అడిగారు. ఏలూరు చరిత్ర అంటే వేంగి రాజుల దగ్గర మొదలుపెట్టాలి, తివాచీల మీదుగా రావాలి, కాలవల దగ్గర ఆగాలి. వాటి మీద రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నాకు తెలిసిన చరిత్ర కాస్త చిన్నది. యాభై ఏళ్లుగా మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉన్న ఒక కారును ఇప్పుతూ బిగిస్తూ తెలుసుకున్నది.

ఆ కారు 1966 నాటి స్టాండర్డ్ హెరాల్డ్. 1974లో మా నాన్నగారు తాడేపల్లిగూడెంలో ఒక డాక్టరు గారి దగ్గర కొన్నారు. నాతో చదివినవాళ్లలో కొందరికి అది గుర్తుండే ఉంటుంది. మన సైన్సు మాస్టారు ఒకరోజు దాన్ని బడి ఆవరణలోకి తెప్పించి, మా తరగతి మొత్తాన్ని చుట్టూ నిలబెట్టి, స్టీరింగు తిప్పితే ముందు చక్రాలు ఎలా తిరుగుతాయో, మలుపులో లోపలి చక్రం, బయటి చక్రం వేరువేరు వేగాలతో ఎందుకు తిరగాలో చూపించారు. డిఫరెన్షియల్ అనే మాట నాకు అప్పుడే అర్థమైంది.

హెరాల్డ్ స్పోర్ట్స్ కారేనా అని కార్లు తెలిసిన మిత్రులు అడగవచ్చు. కచ్చితంగా చెప్పాలంటే కాదు. కానీ బ్రిటన్‌లో పేరుపొందిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఈ హెరాల్డ్ ఛాసీనే పొట్టి చేసి కట్టింది. పర్మిట్ల కాలంలో మన దేశంలో స్పోర్ట్స్ కారు తయారుకాలేదు. అలాంటి కారు మీద మనసున్నవాడికి అందుబాటులో ఉన్న దగ్గరి చుట్టం హెరాల్డే. దాన్ని ఇంట్లో బాగుచేసుకుని, కొంచెం మార్చుకుని, ముచ్చట తీర్చుకున్నవాళ్లు మన జిల్లాలోనూ ఉన్నారు.

ఈ కార్లను ఇన్నేళ్లు నడిపించింది మన ఊళ్ల షెడ్లూ, లేతులూ, మేస్త్రీలూ. తప్పనిసరై వాళ్లు చేసిన మార్పులను ఇవాళ్టి చట్టమూ, కార్ల అభిమానులూ లోపాల కింద లెక్కేస్తున్నారు. ఆ మార్పుల వెనక ఉన్న చరిత్రను నాకు తెలిసినంతవరకు రాసిపెట్టాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

మూడు కంపెనీల కాలం

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మన దేశంలో కార్లు విదేశాల నుంచి విడిభాగాలుగా దిగి ఇక్కడ బిగింపు అయ్యేవి. బొంబాయిలో జనరల్ మోటార్స్‌కు, ఫోర్డ్‌కు అలాంటి ఫ్యాక్టరీలు ఉండేవి. విడిభాగాలు ఇక్కడే తయారుచేసే ప్రణాళిక ఉన్నవారికే ఇకమీద చోటు అని 1950ల మొదట్లో ప్రభుత్వం తేల్చాక ఆ రెండు కంపెనీలూ వెళ్లిపోయాయి. కార్ల రంగంలో చివరికి ముఖ్యంగా మూడు సంస్థలు మిగిలాయి. బెంగాల్లో ఉత్తరపారా దగ్గర హిందుస్థాన్ మోటార్స్, బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్, మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా. మొదటిది అంబాసిడర్, రెండోది ఫియట్, మూడోది మన హెరాల్డ్.

మద్రాసు కంపెనీ 1948లో పుట్టింది. ఫ్యాక్టరీ నగర శివార్లలో వండలూరు దగ్గర ఉండేది. మొదట వాన్‌గార్డ్, ఆ తర్వాత స్టాండర్డ్ 8, 10, పెన్నెంట్ కార్లు వచ్చాయి. హెరాల్డ్ 1961లో వచ్చింది. బ్రిటన్‌లో దీన్ని 'ట్రయంఫ్ హెరాల్డ్' అంటారు. అక్కడ 'స్టాండర్డ్' అనే మాటకు నాసిరకం కాకపోయినా మామూలు రకం అనే అర్థం స్థిరపడిపోయి, 1963కల్లా కార్ల మీద ఆ పేరు తీసేశారు. ఇక్కడ మాత్రం ఆ పేరు 1980ల చివరిదాకా గౌరవంగానే బతికింది.

కొత్త కారు కోసం పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూసిన కాలం అది. అందుచేత పాత కారును పారేయడం అనే ఆలోచనే ఎవరికీ వచ్చేది కాదు. ఒకసారి కొన్న కారు తండ్రి నుంచి కొడుక్కి, ఒక ఊరి నుంచి మరో ఊరికి మారేది. ఇంట్లో బాగుచేసుకోవడం సరదాగా మొదలైంది కాదు. ఆ రోజుల్లో కారు ఉంచుకోవాలంటే అదొక్కటే దారి.

బోల్టులతో బిగించిన కారు

హెరాల్డ్ ఇంటి మెకానిక్కు చేతికి అందిన కారు కావడానికి ఒక కారణం ఉంది. దాని మూలం బ్రిటన్ వ్యాపార తగాదాల్లో ఉంది. స్టాండర్డ్-ట్రయంఫ్ కంపెనీకి కారు బాడీలు చేసిపెట్టే ఫిషర్ అండ్ లడ్లో అనే సంస్థను 1953లో దాని పోటీదారైన బి.ఎం.సి. కొనేసింది. ఇక ఒకే ముక్కగా బాడీ చేసిచ్చే వాడు దొరకలేదు. దాంతో, అప్పటికే చాలామంది విడిచిపెడుతున్న పాత పద్ధతికి వెళ్లారు. కింద విడిగా ఉక్కు ఛాసీ. దాని మీద వేరువేరు చోట్ల చేయించిన బాడీ ముక్కలు తెచ్చి బోల్టులతో బిగించడం. రూపం గీసింది ఇటలీ దేశస్థుడు జొవాన్ని మికెలోట్టి. 1959లో కారు విడుదలైంది.

ఈ ఏర్పాటు బ్రిటన్‌లో అవసరం కొద్దీ వచ్చింది, మనకు మాత్రం వరమైంది. పెద్ద పెద్ద ప్రెస్సులు లేకుండానే మద్రాసులో కారు కట్టగలిగారు. ఏలూరులో మేము పక్క రేకు పుచ్చిపోతే, ఆ ఒక్క ముక్కే విప్పి, టింకరింగు షెడ్డుకు పట్టుకెళ్లి, కొత్త రేకు వేయించి, సాయంత్రానికి బిగించుకోగలిగేవాళ్లం. బానెట్టు, ముందు మడ్‌గార్డులు ఒకటిగా కలిసి పెట్టె మూతలా ముందుకు వాలిపోతాయి. అప్పుడు ఇంజను, స్టీరింగు, ముందు సస్పెన్షను మొత్తం బయటపడుతుంది. టైరు మీద కూర్చుని కార్బురేటర్ విప్పవచ్చు. నడుం వంచవలసిన పని లేని కారు నాకు తెలిసి అదొక్కటే.

948 సి.సి. ఇంజను. సుమారు 35 హార్స్‌పవర్. ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగు. 25 అడుగుల చోటులో, అంటే ఏడున్నర మీటర్లలో వెనక్కి తిరిగిపోతుంది. ఏలూరు కాలవ గట్టు సందుల్లో ఇది ఎంత సుఖమో నడిపినవాడికి తెలుసు. బ్రిటన్‌లో ఇదే ఛాసీని కుదించి, 1147 సి.సి. ఇంజనుకు రెండు కార్బురేటర్లు పెట్టి, మికెలోట్టి చేతే ఇంకో బాడీ గీయించి 1962లో స్పిట్‌ఫైర్‌గా అమ్మారు. 1980 దాకా అది తయారైంది. ఈ సంగతి మనకు తర్వాత చాలా ఉపయోగపడింది, ఎలాగో కింద చెబుతాను.

మన దేశంలో కొనేవాళ్లకు నాలుగు తలుపులు కావాలి. అందుకని 1960ల చివర్లో మద్రాసు కంపెనీ నాలుగు తలుపుల హెరాల్డ్ చేసింది. బ్రిటన్‌లో అలాంటిది రాలేదు. అంటే కంపెనీ కూడా ఇక్కడి అవసరాన్నిబట్టి కారును మార్చిందన్నమాట.

యుద్ధం వదిలిపెట్టిన రన్‌వేలు

రెండో ప్రపంచ యుద్ధకాలంలో తూర్పు తీరం వెంట విమానాల కోసం చాలాచోట్ల రన్‌వేలు వేశారు. యుద్ధం అయిపోయాక అవి ఖాళీగా పడి ఉన్నాయి. మద్రాసుకు ఉత్తరాన షోలవరంలో ఉన్నది అలాంటిదే. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ అక్కడ పందేలు నడిపింది. దూరదూరాల నుంచి జనం వచ్చి చూసేవారు. ఖరీదైన విదేశీ కార్లతోపాటు, ఇక్కడే తయారై ఇక్కడి షెడ్లలోనే పదునుపెట్టిన ఫియట్లూ హెరాల్డ్‌లూ కూడా పరుగెత్తేవి. 1990లో శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ వచ్చేదాకా దక్షిణాదిలో కారు పందెం అంటే షోలవరమే.

మన తాడేపల్లిగూడెంలోనూ యుద్ధకాలపు రన్‌వే ఉంది. అది షోలవరం కాలేదు. మా తరం దాన్ని 'ఏరోడ్రమ్' అనే పిలిచేది. కొత్తగా కారు నేర్చుకునేవాళ్లకు అంత తిన్నని, అంత ఖాళీ కాంక్రీటు ఇంకెక్కడా దొరకదు. నేను క్లచ్చు వదలడం నేర్చుకున్నది అక్కడే. గూడెంలో మా నాన్నగారి స్నేహితుడొకాయన తన హెరాల్డ్‌కు రెండో కార్బురేటర్ పెట్టి, అది ఎంత వేగం పుంజుకుందో చూడడానికి వచ్చిందీ అక్కడికే. ఒకే యుద్ధం, ఒకే రకం కాంక్రీటు. మద్రాసులో దాని పక్కన ఒక క్లబ్బూ, ఒక ఫ్యాక్టరీ ఉన్నాయి. గూడెంలో బెల్లం, ఉల్లిపాయల మార్కెట్టూ, బియ్యం మిల్లులూ ఉన్నాయి. స్థలం చరిత్రను ఆ పక్కన ఉన్న మనుషుల పని నిర్ణయిస్తుంది అనడానికి ఇది మంచి ఉదాహరణ.

బియ్యం మిల్లుల దగ్గర నేర్చిన పనితనం

అలాగని మన ప్రాంతానికి యంత్రాలు కొత్తేమీ కాదు. డెల్టాలో బియ్యం మిల్లులు ఉన్నచోటల్లా ఇంజన్లు, షాఫ్టులు, బేరింగులు ఉంటాయి. చేలకు నీళ్లు తోడే ఆయిల్ ఇంజన్లు ఉంటాయి. అవి పంటకాలంలో ఆగిపోతే మద్రాసు నుంచి మనిషి వచ్చేదాకా రైతు ఆగలేడు. అందుకని ప్రతి ఊళ్లో ఒక లేత్ మేస్త్రీ, ఒక వెల్డింగు షాపు పుట్టాయి. 1960లలో బెజవాడ ఆటోనగర్ వచ్చాక పెద్ద పనులన్నీ అక్కడికి వెళ్లాయి. ఏలూరు నుంచి అరవై కిలోమీటర్లు. పొద్దున సిలిండర్ బ్లాకు బస్సులో వేసుకెళితే, బోరింగు చేయించి, ఓవర్‌సైజు పిస్టన్లూ రింగులూ తీసుకుని, రాత్రికి ఇంటికి వచ్చేయవచ్చు.

మా కారును నలభై ఏళ్లకు పైగా చూసిన మేస్త్రీ గారు అలా మిల్లు ఇంజన్ల దగ్గర పని నేర్చుకున్నవారే. ఇంగ్లీషు మాన్యువల్ చదవలేరు. నేను చదివి చెబితే, "బాబూ, వాళ్ల దేశంలో మంచు, మన దేశంలో మన్ను. అది చూసుకుని చెయ్యాలండీ," అనేవారు. ఆయన అన్న మన్ను గురించి కొంచెం చెప్పాలి.

కొల్లేరు చుట్టూ నల్లమట్టి. వానాకాలంలో అది చక్రాలకు, ఛాసీకి పట్టుకుంటే రాయిలా గట్టిపడుతుంది. ఆ మట్టి కింద తడి ఆరదు. తమ్మిలేరు, బుడమేరు నీళ్లు చేరి కొల్లేరు నిండితే, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోయేదాకా నెలల తరబడి గాలి నిండా తేమే. హెరాల్డ్ ఛాసీ నుంచి పక్కలకు చేతుల్లా వచ్చే కమ్మీలు ముందుగా తుప్పు పట్టేది ఇందుకే. ఏటా దసరాకు ముందు మేము చేసే పని ఒకటుంది. కారును దిమ్మల మీదికి ఎత్తి, మట్టి మొత్తం గీకి, కడిగి, రెండురోజులు ఎండబెట్టి, మార్చేసిన పాత ఇంజనాయిలును బ్రష్షుతో అడుగంతా పూయడం. ఇంజను వెనక సీలు దగ్గర ఎప్పుడూ కొంచెం ఆయిలు కారే కారు కాబట్టి మధ్య భాగానికి పూత అదే వేసుకునేది.

ఒక వానాకాలం తమ్మిలేరు పొంగి షెడ్డులోకి నీళ్లు వచ్చాయి. ఇలాంటప్పుడు తొందరపడి స్టార్ట్ చేస్తే ఇంజను పోతుంది. స్పార్క్ ప్లగ్గులు తీసి, ఇంజను, గేరుబాక్సు, డిఫరెన్షియల్‌లలో ఆయిలు మొత్తం దించి, రెండుసార్లు కొత్త ఆయిలు పోసి మార్చి, బ్రేకు డ్రమ్ములు విప్పి ఆరబెట్టాకే తాళం తిప్పాలి. అలా చేశాం కనుకనే అదే ఇంజను ఇప్పటికీ ఉంది.

నూనె పట్టవలసిన చోట గ్రీజు

హెరాల్డ్ గురించి తెలియనివాడు చేసే అతి ప్రమాదకరమైన పని ముందు చక్రాల దగ్గర జరుగుతుంది. చక్రాన్ని మోసే నిలువు ఉక్కు కడ్డీ కింది కొసకు మరలు ఉంటాయి. ఆ మరలు కంచు జాతి లోహంతో చేసిన దిమ్మలో కూర్చుంటాయి. దీన్ని ట్రనియన్ అంటారు. స్టీరింగు తిప్పినప్పుడల్లా ఆ కడ్డీ దిమ్మలో మరలా తిరుగుతుంది. ఇక్కడ చిక్కటి గేరు ఆయిలు పట్టాలి. గ్రీజు కొడితే అది మరల లోతుకు పోదు, పైనే గట్టిపడుతుంది. లోపలికి నీళ్లు చేరి కడ్డీ తుప్పు పడుతుంది. ఒకరోజు మలుపులో విరిగి చక్రం పక్కకు పడిపోతుంది.

మేస్త్రీ గారు ఈ సంగతి పుస్తకంలో చదవలేదు. ఒక విరిగిన కడ్డీని చేతిలో పెట్టుకుని, తుప్పు ఎక్కడిదాకా ఉందో చూసి చెప్పారు: "దీనికి గ్రీజు పెడితే చంపేసినట్టేనండీ. నూనే పట్టాలి." తర్వాత నేను మాన్యువల్ తీసి చూస్తే అందులోనూ అదే ఉంది.

మిగతా పనులు ఎవరికైనా చేతనవుతాయి. డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల మధ్య ఎడం అంగుళంలో వెయ్యికి 15 వంతులు. ప్లగ్గుకు 25. వాల్వులకు చల్లని ఇంజను మీద 10. గేజీ లేని రోజుల్లో వాల్వుల దగ్గర పోస్టుకార్డు ముక్క పెట్టి చూసుకునేవాళ్లు కూడా ఉండేవారు, అదీ దాదాపు అంతే మందం. రోహిణి కార్తెలో పెట్రోలు పంపు వేడెక్కి, పెట్రోలు ఆవిరై, బండి ఆగిపోతే దాని మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగాలి. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయకూడదు, పక్కు కడుతుంది. వాన నీళ్లు పట్టి ఉంచుకుంటే మేలు.

మార్పులు: తెలిసి చేసినవి, తెలియక చేసినవి

ఇక మార్పుల సంగతి. మూడు ఉదాహరణలు చెబుతాను. మూడూ మన చుట్టుపక్కల నేను కళ్లారా చూసినవే.

మొదటిది గూడెం రెండు కార్బురేటర్ల కారు. దానికోసం పైపులు కోసి వెల్డింగు చేసి కొత్త మానిఫోల్డ్ చేయించారు. రెండు కార్బురేటర్లూ సమానంగా గాలి పీల్చాలి. రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొస ఒకదాని తర్వాత ఒకదాని నోటి దగ్గర పెట్టి, చప్పుడు ఒకేలా వచ్చేదాకా స్క్రూలు తిప్పేవారు. బండి ముందుకంటే చురుగ్గా కదిలేది, పెట్రోలూ అలాగే తాగేది. 1973 చమురు సంక్షోభం తర్వాత పెట్రోలు ధర పెరిగి, కొన్నాళ్లకు ఆయనే పాత మానిఫోల్డ్ బిగించేశారు. విప్పిన భాగాలు దాచుకున్నారు కనుక కారు యథాతథంగా మిగిలింది.

రెండోది వెనక కమాను కట్టకు పట్టీలు కలపడం. లారీల దగ్గర అలవాటైన పని ఇది. బరువు ఎక్కువైతే ఒక పట్టీ కలుపుతారు. హెరాల్డ్‌కు ఇది పనికిరాదు. దాని వెనక చక్రాలు వేటికవే ఊగే స్వింగ్ యాక్సిల్ రకం. కమాను కట్ట అడ్డంగా డిఫరెన్షియల్ మీద ఉంటుంది. పట్టీలు కలిపి వెనక భాగం ఎత్తు చేస్తే చక్రాల అడుగులు లోపలికి వాలతాయి. మలుపులో వేగంగా పోతూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలితే బయటి చక్రం కిందికి ముడుచుకుని బండి బోల్తా కొట్టవచ్చు. కంపెనీకీ ఈ లోపం తెలుసు. 1972లో హెరాల్డ్ స్థానంలో గజెల్ అనే కారు తెచ్చినప్పుడు వెనక మామూలు యాక్సిలే పెట్టారు. స్పిట్‌ఫైర్‌కు కూడా తర్వాత కమాను కట్ట బిగింపు మార్చారు. అంటే మార్పు అవసరమే, కానీ ఏ దిక్కుకో తెలిసి చేయాలి.

మూడోది కైకలూరు వైపు ఒక కుటుంబం వారి హెరాల్డ్. కొల్లేటి మధ్యగా పోయే ఆ రోడ్డు పెద్ద వానలకు మునిగేది. 1980ల చివరికి వాళ్ల కారు ఇంజను పూర్తిగా అరిగిపోయింది. కొత్త బ్లాకు లేదు. దానికి మారుతీ వ్యాన్ ఇంజనూ గేరుబాక్సూ వేశారు. మారుతీ 800 కారు ఇంజను అడ్డంగా ఉండి ముందు చక్రాలను తిప్పుతుంది, అది ఇందులో ఇమడదు. వ్యాన్ ఇంజను నిలువుగా ఉండి వెనక చక్రాలను తిప్పుతుంది కాబట్టి కుదిరింది. మౌంటింగులు కొత్తగా చేయించారు. ప్రొపెల్లర్ షాఫ్టు కోసి అతికించారు. ఆ కారు ఇంకో పాతికేళ్లు పిల్లల్ని బడికీ, పెద్దల్ని కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకూ తీసుకెళ్లింది.

ఫ్యాక్టరీ మూతపడ్డాక

హెరాల్డ్ తయారీ 1971లో ఆగింది. గజెల్ కొద్దిగానే తయారై 1977లో ఆగింది. కొన్నేళ్లు కంపెనీ వ్యాన్లతో నెట్టుకొచ్చి, 1985లో రోవర్ నమూనాతో స్టాండర్డ్ 2000 తెచ్చింది. అది నిలబడలేదు. 1988లో ఫ్యాక్టరీ మూతపడింది. 2006లో ఆస్తులు వేలం వేసినప్పుడు, స్టాండర్డ్ 2000 కోసం చేసిన విడిభాగాల నిల్వను బ్రిటన్ వ్యాపారులు కొని అక్కడికి తీసుకుపోయారు. ఇక్కడ వాటిని అడిగేవాడు లేకపోయాడు. అక్కడ పాత రోవర్లు ఉంచుకున్నవాళ్లు ఎదురుచూస్తున్నారు.

ఆ మధ్యకాలంలో మాకు దిక్కు మద్రాసు పుదుపేట. పాత కార్లు విప్పి భాగాలు అమ్మే బజారు. ఏలూరులో రాత్రి రైలెక్కితే పొద్దునకు మద్రాసు. మా నాన్నగారు చేతిసంచిలో పాత భాగం నమూనాగా పెట్టుకుని వెళ్లి, పోల్చి చూసుకుని తెచ్చేవారు. తెలుగు, తమిళం కలిపి బేరం. 1990ల తర్వాత అక్కడా హెరాల్డ్ భాగాలు పలచబడ్డాయి.

ఇప్పుడు పరిస్థితి కొంత మెరుగైంది. స్పిట్‌ఫైర్ 1980 దాకా తయారైందని పైన చెప్పాను. హెరాల్డ్‌కూ దానికీ ముందు సస్పెన్షన్‌లో చాలా భాగాలు ఒకటే. ఆ స్పోర్ట్స్ కారును ప్రాణంగా చూసుకునేవాళ్లు విదేశాల్లో వేలమంది ఉన్నారు కాబట్టి ట్రనియన్లు, బుష్షులు, రబ్బర్లు ఇప్పటికీ కొత్తవి తయారవుతున్నాయి. మన సంఘం సభ్యులు పిల్లల్ని చూడడానికి లండనుకు వెళ్లి వస్తూ ఆవకాయ ఖాళీ చేసిన పెట్టెలో నాకోసం తెచ్చిన భాగాలు ఈ రోజు మా కారులో తిరుగుతున్నాయి. వారికి ఈ సందర్భంగా ధన్యవాదాలు.

పెట్రోలు కూడా మారింది. 2000లో సీసం లేని పెట్రోలు దేశమంతా వచ్చాక, పాత ఇంజన్లలో వాల్వులు కూర్చునే చోటు త్వరగా అరగడం మొదలైంది. హెడ్ విప్పి లేత్ మీద గట్టి ఉక్కు సీట్లు వేయించాం. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. అది తేమను పీలుస్తుంది, పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది. గొట్టాలన్నీ ఇథనాల్‌కు తట్టుకునేవి వేయించుకోవాలి. బండి నెలల తరబడి నడపనప్పుడు ట్యాంకు ఖాళీ చేసి ఉంచాలి. మన తేమకు ఇది మరీ అవసరం.

చట్టం చూపు

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని మరింత గట్టిగా చెప్పింది. 2021లో కేంద్రం పాత బండ్లకు 'వింటేజ్' రిజిస్ట్రేషన్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి ఉండాలి. ఛాసీ, బాడీ, ఇంజను పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలి. కొత్తగా చేయించడానికి 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత పొడిగింపుకు 5,000. నంబరులో 'వి.ఎ.' అనే అక్షరాలు వస్తాయి. రోజువారీ వాడకానికి వీల్లేదు, ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు బయటికి తీయవచ్చు.

నిబంధనల అవసరం నాకు తెలుసు. పట్టీలు కలిపిన హెరాల్డ్ రోడ్డు మీద ఎంత ప్రమాదమో పైన రాశాను. అసలు రూపంలో ఉన్న బండిని గౌరవించడమూ న్యాయమే. కానీ దీని ఫలితం ఒకసారి చూడండి. మా కారు ఇంజను అసలుదే కాబట్టి వింటేజ్‌గా నిలబడగలదు. కైకలూరు వారిది నిలబడదు. అంతకు ముందు పాతికేళ్లు అది బతికిందే ఆ మార్పు వల్ల. ఆ కుటుంబం నాలుగేళ్ల కిందట దాన్ని అమ్మబోతే పాత బండ్లు సేకరించే ఒకాయన చూసి, "ఇంజను పాడుచేశారు," అని వెళ్లిపోయారట. చివరికి తుక్కు కింద పోయింది. ఛాసీ ఒక్క మచ్చ లేకుండా ఉంది. నాకు తెలిసి ఉంటే తెచ్చి మన షెడ్డులో పెట్టేవాడిని.

ఇంట్లో కారు ఉంచుకున్నవారికి నా సలహా ఒకటే. వెనక్కి తీసుకోగల మార్పు ధైర్యంగా చేయండి. డైనమో బదులు ఆల్టర్నేటర్, మంచి లైట్లు, సీటు బెల్టులు, కొత్త రకం గొట్టాలు, ఇవన్నీ విప్పి మళ్లీ పాతవి బిగించవచ్చు. విప్పినదాన్ని పారేయకుండా చీటీ కట్టి అటక మీద పెట్టండి. కోయవలసి వచ్చే పనికి ముందు మాత్రం పదిమందిని అడగండి. ఏ మార్పు అయినా రిజిస్ట్రేషన్ కార్యాలయం అనుమతితో చేయండి.

మనం చేయగలిగింది

బ్రిటన్‌లో ఈ కార్ల గురించి పుస్తకాలు ఉన్నాయి, క్లబ్బులు ఉన్నాయి. వాటిలో మన దేశపు హెరాల్డ్‌కు నాలుగు తలుపుల ప్రస్తావన తప్ప పెద్దగా చోటు లేదు. నల్లమట్టిలో, తేమలో, విడిభాగాలు లేని కాలంలో ఆ కార్లను నడిపినవాళ్లకు అసలే చోటు లేదు. వాళ్లు రాయలేదు. మా మేస్త్రీ గారు పోయి ఆరేళ్లయింది. ఆయన చేతిపని మా కారులో ఉంది. ఆయన తెలివిలో నాకు గుర్తున్నదే మిగిలింది.

అందుకని నేను ఒక నోటుపుస్తకం రాస్తున్నాను. 1974 నుంచి మా కారులో ఏది ఎప్పుడు మార్చాం, ఎందుకు మార్చాం, ఎక్కడ చేయించాం అన్నది వరసగా. మా నాన్నగారు దాచిన బిల్లులు దానికి ఆధారం. పూర్తయ్యాక ఒక ప్రతి మన బడి లైబ్రరీకి ఇస్తాను. దాంతోపాటు అరిగిపోయిన ఒక ట్రనియన్, ఒక డిస్ట్రిబ్యూటర్, కోసిన ఒక పిస్టన్ సైన్సు గదికి ఇవ్వడానికి హెడ్మాస్టారు గారు ఒప్పుకున్నారు. పిల్లలు వాటిని చేత్తో పట్టుకుని చూడవచ్చు.

మిత్రులారా, మీ ఇళ్లలోనూ పాత కారో, జీపో, జావా మోటారు సైకిలో, ఆయిల్ ఇంజనో ఉండవచ్చు. లేకపోతే వాటి ఫొటోలు, కాగితాలు ఉండవచ్చు. పారేయకండి. ఒక కాగితం మీద నాలుగు విషయాలు రాసి మన సంఘానికి పంపండి: ఏ బండి, ఏ ఏడాది, ఏం మార్చారు, ఎవరు మార్చారు. ఆ నాలుగోది తప్పకుండా రాయండి. కంపెనీ పేరు బండి మీదే ఉంటుంది, మేస్త్రీ పేరు మనం రాస్తేనే ఉంటుంది.